పడవ వెనక బరువు

ఆ బావా బావమరదులు మా పడవ సామాన్ల దుకాణంలోకి వచ్చేసరికి బేరాలు లేక నేను ఈగలు తోలుకుంటున్నాను. చెరువులో సరదాగా గాలం వేసేవాళ్ళలో ఈ ఇద్దరినీ ఎరగనివాళ్ళు లేరు. పడవ బావది, రెక్కల కష్టం బావమరిదిది. బావమరిదికి పెళ్ళి లేదు, నిలకడైన ఉద్యోగం లేదు, అక్క ఇంటి మేడ మీద ఒక గది ఉంది. ఆదివారం పొద్దున్నే పడవలో వెనక కూర్చుని తెడ్లు వేయడం ఒక్కటే ఆ ఇంట్లో అతనికున్న పని. అందుకే అందరూ అతన్ని 'తెడ్డు' అంటారు, అతనూ పలుకుతాడు.

"ట్రోలింగ్ మోటారు చూపించండి మేడం," అన్నాడు బావ. "బ్యాటరీతో పడవని నడిపేది. చప్పుడుకి చేప బెదరకూడదు."

తెడ్డు జేబులోంచి పురికొస తీశాడు. పడవ అంచు నుంచి నీళ్ళ దాకా కొలిచి ముడేసుకొచ్చాడట. ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా తల నున్నగా దువ్వుకున్నాడు. పడవ బరువు, మనుషుల బరువు, సామాను బరువు గడగడా అప్పజెప్పాడు. "ఎదురుగాలికి మా పడవ ఎడమకి లాగుతుంది మేడం. ఒక పాలు ఎక్కువ శక్తి ఉన్నదే ఇవ్వండి."

నాకు ఒళ్ళు మండింది. మోటారొస్తే తెడ్లతో పనేముంది? తన చోటు ఊడగొట్టే వస్తువుని ఇంత మురిపెంగా ఏరుకునేవాణ్ణి ఏమనాలి?

రెండు మోటార్లు తెచ్చి బల్ల మీద పెట్టాను. "శక్తి రెండిటికీ ఒకటే. ఇది పడవ వెనక బిగించాలి. ఒకరు వెనక కూర్చుని ఈ పిడి తిప్పుతూ ఉండాలి. ఆ రెండోది ముందు బిగించాలి. కాలితో పెడల్ నొక్కుతుంటే చాలు, చేతులు గాలం మీదే ఉంటాయి."

తెడ్డు అప్పటికే పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఇదే తీసుకుందాం బావా. వెనక నేను నడుపుతాను, ముందు నువ్వు హాయిగా గాలం వేసుకో."

బావ పెడల్‌ని నేల మీద పెట్టించి, చెప్పు విడిచి, తొక్కి చూసుకున్నాడు.

"ఒక్కణ్ణే వెళ్ళినా దీంతో కుదురుతుందా?" అని నన్ను అడిగాడు.

తెడ్డు నా వైపు చూశాడు. జాలేసింది, లేదనను. కానీ సరుకు గురించి అడిగితే ఉన్నది చెప్పడం నాకు అలవాటు. "కుదురుతుంది," అన్నాను.

"ఒక్కడివే ఎందుకెళ్తావు బావా?"

"ఊరికే అడిగాన్లేరా."

ఊరికే అడగలేదని అతనికీ తెలిసింది. గబగబా అందుకున్నాడు. "అది వద్దు బావా. మోటారూ ముందే, నువ్వూ ముందే అయితే వెనక తేలిపోతుంది. ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. అవునా కాదా మేడం?"

"అవును," అన్నాను. "బ్యాటరీ వెనక పెట్టినా చాలదు. ఇంకో మనిషంత బరువు ఉండాలి."

తెడ్డు ముఖం విప్పారింది. "నేనున్నాగా!"

"ఇసుక బస్తా వేస్తాను," అన్నాడు బావ. "అది సలహాలివ్వదు. తెచ్చుకున్న తిండిలో వాటా అడగదు."

నేను నవ్వాను. నవ్వొచ్చింది మరి, ఏం చేయను? తెడ్డు కూడా నవ్వాడు, మా ఇద్దరికంటే ఎక్కువసేపు.

డబ్బు కట్టాక బావ మూలనున్న తూకం మిషన్ చూపించాడు. "ఒరేయ్, ఒకసారి ఎక్కు." తెడ్డు చెప్పులు విడిచి బుద్ధిగా ఎక్కాడు. బావ వంగి ముల్లు చూశాడు. "సరిగ్గా ఇంతే నింపు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆదివారం మోటారు బిగించడానికి చెరువు గట్టుకి నేనే వెళ్ళాను. ఇసుక నింపి, తూచి, మూతి కుట్టి తెచ్చింది తెడ్డే. మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి బస్తాని వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. జారిపోకుండా తాడుతో కట్టాడు. పడవని లోపలికి తోసి అలాగే నిలబడిపోయాడు. బావ పెడల్ నొక్కాడు. పడవ చప్పుడు లేకుండా కదిలింది. వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం బావకి రాలేదు.

తెడ్డు ఏడుస్తాడేమోనని నేను పానాలు సర్దుకుంటూ తల దించుకున్నాను. తీరా చూస్తే అతను కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పడవనే పరీక్షగా చూస్తున్నాడు.

"ముక్కు ఎంత బాగా నిలబడిందో చూశారా మేడం," అన్నాడు. "నేనున్నా ఇలాగే పోయేది."