గడ్డాల సాక్షులు

బ్రిటిష్‌వాళ్లిచ్చే ఒక పర్మిట్ మీద మొగుడూ పెళ్లాం ఇద్దరూ పాలస్తీనా వెళ్లవచ్చు. అందుకే 1934లో, పోలండ్‌లో బియాలిస్టాక్ దగ్గర, అక్కడి సేద్యం నేర్పే శిక్షణ పొలంలో, యూదు యువజన సంఘం ఉత్తుత్తి పెళ్లిళ్లు జోరుగా చేస్తోంది. ఓడ దిగాక ఎవరి దారి వాళ్లది. ఈసారి జెలిగ్ పక్కన పెళ్లికూతురుగా బ్రోన్యా పేరు ఓటుకు పెట్టారు. జెలిగ్‌నే నమ్ముకున్న షిఫ్రా కూడా చెయ్యెత్తింది. ఎత్తక చస్తుందా? చొక్కాలు కూడా అందరివీ అయిన చోట, మనిషిని పట్టుకుని నావాడంటే ఊరుకుంటారా!

ఆ రోజు నుంచి ఆమెకు కునుకు లేదు. బంగాళదుంపలు తవ్వుతున్నా చూపంతా పక్క సాలు మీదే. జెలిగ్ బ్రోన్యా గంప మోస్తున్నాడు. ఇంతకుముందు ఎవరి గంపైనా మోశాడా?

"ఏంటి ఇందాక పకపకలు?" అని సాయంత్రం నిలదీసింది.

"హీబ్రూ పాఠం అప్పజెప్పుకుంటున్నాం, పిచ్చుకా."

"పాఠానికి అంత నవ్వొస్తుందా?"

"నీకు అనుమానం రోగం పట్టుకుంది. సాక్షులెవరు? మన ల్యోవా, యోస్కా. శనివారం కూడా సిగరెట్లు ఊదే వెధవలు. విశ్రాంతి రోజున నిప్పు ముట్టినవాడి సాక్ష్యం మన ధర్మంలో చెల్లదు, సాక్ష్యం చెల్లకపోతే పెళ్లీ చెల్లదు. ఆ సిగరెట్ల సంగతి పెళ్లి చేయించే రబ్బీకేం తెలుసు? వచ్చే పర్మిట్ మీద నువ్వొచ్చేస్తావు. చాలా?"

షిఫ్రాకు ప్రాణం లేచొచ్చింది. ఆ శనివారం ల్యోవా సిగరెట్‌కు తనే అగ్గిపుల్ల గీసి ఇచ్చింది.

పెళ్లి రోజున, నలుగురు చేతుల్తో ఎత్తిపట్టే గుడ్డ పందిరి గుంజల్లో ఒకటి ఆమె చేతికే ఇచ్చారు. రబ్బీ "సాక్షులేరి?" అన్నాడు. ల్యోవా, యోస్కా పళ్లికిలిస్తూ ముందుకొచ్చారు. జెలిగ్ వాళ్ల వంక చూడకుండానే చేత్తో ఆపాడు. వెనక నుంచి ఇద్దరు ముసలాళ్లు, బొడ్డు దాకా గడ్డాలతో, గొంతు సవరించుకుంటూ వచ్చి నిలబడ్డారు. శనివారం దీపం కూడా ముట్టని మనుషులు.

"వీళ్లనెవరు పిలిచారు?" వెనక్కొచ్చిన ల్యోవాను అడిగింది షిఫ్రా.

"జెలిగే," అన్నాడు ల్యోవా, ఏమీ అర్థం కాక. "నిన్న ఊళ్లోకెళ్లి బతిమాలి మరీ తీసుకొచ్చాడు."

ఇన్నాళ్లూ రోగం తనదేననుకుని షిఫ్రా తనను తానే తిట్టుకుంది. ఈ ఇద్దరి ఎదుట ఉంగరం తొడిగితే అది నిజం పెళ్లే. ఆమె చేతిలో గుంజ ఒరిగి, పందిరి గుడ్డ బ్రోన్యా తల మీదికి జారింది.

జెలిగ్ తిరిగి చూశాడు. పిచ్చుకా అనలేదు.

"కామ్రేడ్, గుంజ సరిగ్గా పట్టుకో," అన్నాడు.