మూసేసిన ఫిర్యాదు

టైలరక్కకి కోపం రావడం ఆ వీధికి కొత్త కాదు. కొలత చొక్కా తేకుండా ఉజ్జాయింపుగా కుట్టెయ్యమంటే వస్తుంది. ఎల్లుండి ఇస్తానన్న గుడ్డ ఇవాళే కావాలంటే వస్తుంది. అది వచ్చినంత తొందరగానే పోతుంది కూడా. ఈసారి కోపం మాత్రం మూడు వారాలు లోపలే ఉడికింది.

ఆమె గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, రోడ్డు కింద పోయే మురుగు కాలువ మీది పలక సిమెంటు లారీ బరువుకి విరిగిపోయింది. నడుంలోతు గొయ్యి. ఎవరూ పడకుండా ఒక విరిగిన కుర్చీ అడ్డం పెట్టి, దానికి ఎర్రగుడ్డ కట్టింది. పురపాలక ఆఫీసుకి వెళ్తే ఫిర్యాదుల కౌంటరు ఎత్తేశారు, అన్నీ ఫోన్లోనే చేసుకోమన్నారు. ఫొటో తీసి పంపింది. మూడోరోజు జవాబొచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. కింద కొత్త పలక ఫొటో, దాని పక్కన పసుపు గోడ. ఆ వీధిలో పసుపు గోడే లేదు. మళ్లీ పంపింది, మళ్లీ మూసేశారు. అలా నాలుగుసార్లు.

వీధివాళ్లకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది, రెండొందల నలభై మంది. దాన్ని నడిపేది ఆమె సొంత తమ్ముడే. పక్క సందులో ఉంటాడు, కౌన్సిలర్ ఆఫీసులో ఫొటోలూ మెసేజీలూ చూసే పని. వాడికి ఏడేళ్లప్పుడు తండ్రి పోతే, మిషను తొక్కి పెంచింది ఆమే. ఆ ధీమాతోనే రెండు ఫొటోలూ గ్రూపులో పెట్టి, ఈ పసుపు గోడ మన వీధిలో ఎక్కడుందో చూపించండని రాసింది. అయిదు నిమిషాల్లో అది మాయమైంది. మళ్లీ పెట్టింది. ఈసారి ఆమే మాయమైంది. ఫోను పాడైందనుకుని పక్కింటావిడకి చూపిస్తే, ఆవిడ చూసి, మిమ్మల్ని గ్రూపులోంచి తీసేశారని చెప్పింది. తమ్ముడు ఫోనెత్తలేదు. గ్రూపులో రాజకీయాలు వద్దక్కా అని ఒక ముక్క రాసి పంపాడు.

ఆ మర్నాటి నుంచి గుడ్డలిచ్చేవాళ్లు గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పడం మానేశారు. ఇచ్చి, చూపు తప్పించి పోయేవారు.

వాన పడిన రోజు తెల్లారేసరికి రోడ్డు మీద చీలమండల లోతు నీళ్లు. కుర్చీ ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. పాలకని బయల్దేరిన లెక్కల మాస్టారు ఆ గోతిలో పడ్డారు. కేక విని టైలరక్క పరిగెత్తింది. ఎదురు షెడ్డు మెకానిక్ ఒక చెయ్యి, ఆమె ఒక చెయ్యి వేసి పైకి లాగి ఆస్పత్రికి తీసుకెళ్లారు. తుంటి ఎముక విరిగింది. తడిబట్టలతోనే ఆమె ఆపరేషను గది బయట కూర్చుంది. మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసి, గ్రూపులో అందరూ ఎంత బాధపడుతున్నారో చెప్పింది. నూట పన్నెండు మంది దండాల బొమ్మలు పెట్టారట. ఆస్పత్రికి ఎవరొస్తున్నారని అడిగితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పెట్టేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా తమ్ముడింటికి వెళ్లింది. వాడు ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు.

"నా ఫొటోలు ఎందుకు తీసేశావురా?"

"కౌన్సిలర్ గారు కూడా ఆ గ్రూపులో ఉన్నారక్కా. ఆయన చూస్తే బాగుండదు."

"ఆయన చూడాలనే కదరా పెట్టాను."

వాడు తల ఎత్తలేదు. ఆ పసుపు గోడ ఫొటో ఎవరు పంపారని అడిగింది. అప్పుడూ ఎత్తలేదు. ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది.

"నువ్వేనా?"

"ఈ వార్డు ఫిర్యాదులు మా ఆఫీసుకే వస్తాయక్కా. మిగిలిపోతే పైనుంచి తిడుతున్నారు. వారం పోయాక ఎలాగూ వేయిద్దామనుకున్నా."

కొట్టడానికి లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వాడి ఫోనులో సగం రాసిన వాక్యం కనిపిస్తోంది: మాస్టారు త్వరగా కోలుకోవాలని.

"నీకు ఎక్కాలు నేర్పిన మనిషిరా ఆయన," అంది. "గోతిలోకి తోసి దండం పెడుతున్నావు."

మర్నాడు పొద్దున బట్టలు కత్తిరించే పెద్ద బల్లని ఈడ్చుకొచ్చి రోడ్డుకి అడ్డంగా వేసింది. దాని వెనక మిషను పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. స్కూలు వ్యాన్లు ఆగాయి. హారన్లు మోగాయి. మేడల మీదా గుమ్మాల్లోనూ ఫోన్లు పైకి లేచాయి. ఆమె కుట్టు ఆపి నిలబడింది.

"తీసింది చాలు. అవి జేబుల్లో పెట్టుకుని వచ్చి ఇక్కడ కూర్చోండి."

చాలాసేపు ఎవరూ కదల్లేదు. ముందు మెకానిక్ స్టూలు తెచ్చుకున్నాడు. తర్వాత పక్కింటావిడ, ఆమె ముఖంలోకి చూడకుండానే, కుర్చీ తెచ్చి పక్కన వేసుకుంది. పదింటికి రోడ్డు మీద ముప్ఫై కుర్చీలు పోగయ్యాయి. ఇంజనీరు వచ్చి, ఈ ఫిర్యాదు ఎప్పుడో పరిష్కారమైందని తన ఫోనులో చూపించాడు. అయితే అక్కడ కాలు పెట్టి చూడమంది టైలరక్క. అతను గోతిలోకి చూశాడు, ముప్ఫై మంది ముఖాల్లోకి చూశాడు, పక్కకెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నం మూడింటికల్లా కొత్త పలక పడింది.

సాయంత్రం గ్రూపులో ఆ పలక ఫొటో వచ్చింది, కౌన్సిలర్ గారి చొరవతో అని. పెట్టింది తమ్ముడే. అదే చేత్తో అక్కని మళ్లీ గ్రూపులో చేర్చాడు. ఆమె ఆ మెసేజీ చదివి, ఈసారి తనంతట తానే బయటికొచ్చేసింది.

పది రోజులకి వాడు ఇంటికొచ్చాడు. మాస్టారు ఇంకా మంచం దిగలేదు. ఆమె ఆయన కోసం, సులువుగా తొడుక్కునేలా పక్కన తాళ్లు పెట్టి వదులు పైజామా కుడుతోంది. రోడ్డు మీద ఆమె మాట్లాడిన వీడియోని ఎంతమంది మెచ్చుకున్నారో చూపిస్తానని వాడు ఫోను తీశాడు.

"దాన్ని గుమ్మం బయట పెట్టి రా," అంది.

పెట్టొచ్చాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ మాట రాలేదు. ఆమె సాయం చెయ్యలేదు. మిషను తొక్కుతూనే ఉంది.