అసలుకి జమ

పాంటు కాలు మడిచి, సుద్దగీత సరిచూసుకుని, ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టిందో లేదో హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఆ టకటక కాసేపు ఆపమ్మాయ్, సీరియల్లో ఒక్క ముక్క వినపడటం లేదు. అయినా కారున్న ఇల్లాలివి, ఇంకా ఈ కుట్టుపనేంటి నీకు?"

కారుంది కాబట్టే కుట్టుపని అని చెప్తే పెద్దావిడకి అదేదో పొడుపుకథలా ఉంటుంది. ఇంకా పదకొండు పాంట్లున్నాయి. ఎనిమిదింటికల్లా అయిపోతే వంట, అది అయితే గిన్నెలు, అవీ అయితే నడుం వాల్చడం. పొద్దున్నుంచి రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు వెనక నిలబడి, ఎవరి రిపోర్టు వాళ్ళకిచ్చి, ఎవరి కోపం వాళ్ళ దగ్గర పుచ్చుకుని, బస్సులో వేలాడుతూ వస్తూ వస్తూ దారిలో రెడీమేడ్ షాపు దగ్గర దిగుతుంది. ఆ షాపాయన మెడలోంచి టేపు ఎన్నడూ దిగదు కాబట్టి అందరూ టేపు మాస్టరంటారు. పొడుగైన పాంట్లన్నీ సంచిలో కుక్కి, "రేపు పొద్దున్నకి ఇచ్చెయ్యాలమ్మా" అంటాడు. రోజూ రేపు పొద్దున్నకే. కుడి భుజం ఇప్పుడు చెవి దాకా లేవడం మానేసింది. జడ వేసుకోవాలంటే తలే చేతి దగ్గరికి తెచ్చుకుంటోంది.

అసలు కారు కొన్న రోజు ఆమె సంతోషించిన మాట నిజం, ఎందుకు దాచాలి? అమ్మేవాళ్ళు కుర్చీ వేశారు, చల్లటి నీళ్ళిచ్చారు, ఫైనాన్సు మనిషిని అక్కడికే పిలిపించారు. "బ్యాంకుల చుట్టూ కాళ్ళరిగేలా ఎవరు తిరుగుతారు?" అన్నాడు భర్త. "నీ పేరు మీదే తీసుకుందాం. మొత్తం నీదే. ఈఎమ్ఐ నేను కడతాలే, నీకెందుకు బెంగ?" పదకొండేళ్ళ కాపురంలో ఒక వస్తువు మొత్తం నీదే అనడం అదే మొదటిసారి. ఆ మురిపెంలో వడ్డీ నూటికి పంతొమ్మిదని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటే ఆమె కంటికి ఆనలేదు. ఫోన్ నంబరు దగ్గర అతను తన నంబరు రాశాడు. కారు అతను తీసుకెళ్ళాడు. ఆమె ఎప్పటిలా బస్సెక్కింది.

తొమ్మిది నెలల తర్వాత బీరువా సర్దుతుంటే ఆ లోను కాగితం బయటపడింది. నెలకి పన్నెండు వేలు కడుతుంటే అందులో ఏడు వేల దాకా వడ్డీకే పోతోంది! ఇలా ఐదేళ్ళు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నెలకో మూడు వేలు అదనంగా పడేస్తే ఏడాది పైనే ముందుగా వదిలించుకోవచ్చని ల్యాబులో లెక్కలు చూసేవాడు చెప్పాడు. అదిగో, అలా వచ్చింది కుట్టుమిషను. అప్పు తీరిన రోజే మిషను అమ్మేస్తాననుకుంది. ఆదివారం మధ్యాహ్నం భుజానికి దిండు పెట్టుకుని, ఎవరేం పిలిచినా పలక్కుండా పడుకుంటాననుకుంది. అంతకు మించి కోరికలేమీ లేవు.

ప్రతి నెలా మొదటి శనివారం ఫైనాన్సు ఆఫీసుకెళ్ళి మూడు వేలు కట్టి రసీదు తెచ్చుకునేది. "అబ్బో, ఈ ఇంటికి ఆర్థికమంత్రివి నువ్వే" అనేవాడు భర్త. మెచ్చుకుంటున్నాడనుకుంది, పిచ్చిది.

పధ్నాలుగో రసీదు రోజున, ఇంకా ఎంతుందో చూడమ్మా అని కౌంటరు అమ్మాయిని అడిగింది. ఆ పిల్ల కంప్యూటర్లోకి చూసి, "అదనంగా ఏమీ తగ్గలేదు మేడమ్. మొదట్లో ఇచ్చిన లెక్క ప్రకారమే ఉంది" అంది.

"అదేంటి? నేను కట్టిన నలభై రెండు వేలు?"

"అవి అసలులోకి పోలేదు మేడమ్. 'అసలుకి జమ చేయండి' అని రాసివ్వకపోతే కంప్యూటరే వచ్చే నెల ఈఎమ్ఐలోకి తీసేసుకుంటుంది. మీరు మూడు కట్టేస్తున్నారు కదా, ఇక సార్ తొమ్మిదే కడుతున్నారు." ఆ పిల్ల తల ఎత్తి ఆమె మొహం చూసి గొంతు తగ్గించింది. "ప్రతి నెలా సార్‌కి మెసేజ్ వెళ్తుంది అక్కా, ఎంత కట్టాలో."

పధ్నాలుగు నెలలు. సూది గుచ్చుకున్న వేళ్ళు, మండే కళ్ళు, లేవని భుజం. ఆ కష్టం అప్పు మీద పిసరంత కూడా పడలేదు, నేరుగా వెళ్ళి అతని జేబులో పడింది. అతను నెలనెలా చూస్తూనే ఉన్నాడు. సంచి మోసుకొస్తుంటే ఎదురొచ్చి తలుపు కూడా తీశాడు కొన్నిసార్లు.

ఇంటికెళ్ళి అడిగితే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ఎవరు కడితే ఏంటి? ఒకే ఇల్లు కదా! నేనేమైనా తాగి తగలేశానా?"

"మరి ఏమయ్యాయండీ?"

"ఖర్చులుండవా మగాడికి? ప్రతిదానికీ రసీదివ్వాలా?"

"మొగుడు మూడు వేలు వాడుకుంటే ఇంత రాద్ధాంతమా తల్లీ!" అంది అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. పోట్లాడాలంటే కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా, అది పాంట్లకే సరిపోయింది. సోమవారం ల్యాబుకి ఒక పూట సెలవు పెట్టి ఫైనాన్సు ఆఫీసుకెళ్ళి, లోను మీద ఫోన్ నంబరు తనది రాయించింది. కౌంటరు అమ్మాయి కాగితమిచ్చి ఎక్కడ ఏం రాయాలో చూపించింది. అప్పటినుంచి ప్రతి రసీదు మీదా 'అసలుకి' అని తన చేత్తో రాసి, కింద గీత కూడా గీసింది. పన్నెండు వేల మెసేజ్ ఇప్పుడు ఆమె ఫోనుకే వచ్చేది, తీసుకెళ్ళి అతని కళ్ళముందు పెట్టేది. అతను మొహం మాడ్చుకునేవాడు, నాలుగు రోజులు మాటలు మానేసేవాడు, కానీ కట్టేవాడు. కట్టకపోతే బండి లాక్కెళ్తారన్న భయం మాత్రం ఉంది.

అలా ఇంకో ఏడాది ఎనిమిది నెలలు. ల్యాబువాళ్ళు పదేళ్ళ సర్వీసుకిచ్చిన బోనసు కూడా అందులోనే పోసింది. ముందుగా తీర్చేస్తున్నందుకు ఏదో రుసుం కట్టమన్నారు. అప్పు తీర్చడం కూడా తప్పే కాబోలు, జరిమానా ఉంది! అదీ కట్టింది. కౌంటరు అమ్మాయి ముద్ర వేసిన కాగితం చేతిలో పెట్టి, "అయిపోయింది అక్కా" అని నవ్వింది. ఆ వెంటనే, కాస్త మొహమాటంగా, ఇంకో కాగితం ముందుకు తోసింది.

"సార్ నిన్న ఫోన్ చేశారు. మీరు బాగా కట్టారు కదా, అదే కారు మీద రెట్టింపు లోను వస్తుందని చెప్పాం. వడ్డీ అంతే. మీ సంతకమే కావాలి. పెట్టాల్సిన చోట టిక్కులు పెట్టి ఉంచమన్నారు."

మూడు టిక్కులు. ఆమె చెయ్యి పెన్ను దాకా వెళ్ళింది కూడా. పదిహేనేళ్ళ నుంచి చూపించిన చోటల్లా సంతకం పెట్టిన చెయ్యి, దానికి ఆగడం ఏం తెలుసు? టిక్కుల వంక చూసింది. మళ్ళీ ఐదేళ్ళు. భుజం సలిపింది. పెన్ను మూత పెట్టి, ఆ కాగితం అక్కడే వదిలేసి బయటికొచ్చింది. దారిలో షాపు దగ్గర దిగి, "ఇక నేను కుట్టను మాస్టారూ" అని చెప్పింది. టేపు మాస్టరు రేపు పొద్దున్న గురించి ఏదో అనబోతే వినకుండా నడిచింది.

సాయంత్రం భర్త చెప్పులన్నా విప్పకుండా అడిగాడు. "పెట్టావా సంతకం?"

"పాత అప్పు మూసేశాను. కొత్తది వద్దన్నాను."

"వద్దంటావేంటి! ఆ డబ్బు అవసరం ఉంది నాకు. మాటిచ్చేశాను ఒకరికి."

"అవసరం మీది కదండీ. మీ పేరు మీద తీసుకోండి."

"నా పేరు మీద ఎవడిస్తాడే?" అని అరిచాడు. అరిచాక, నోరు జారిందని అతనికే తెలిసింది.

అత్తగారు టీవీ గొంతు పెంచబోయి మానేసింది. కోడలి వంక చూడలేక చీర కొంగు సవరించుకుంది. అంటే ఈవిడకీ తెలుసన్నమాట.

"ఎందుకివ్వరు?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

"పెళ్ళికి ముందువేవో రెండు లోన్లు... కట్టలేదు. అప్పట్నుంచీ ఎక్కడా నా కాగితం కదలదు. ఇప్పుడవన్నీ ఎందుకు?"

బ్యాంకుల చుట్టూ ఎవరు తిరుగుతారన్నాడు. మొత్తం నీదే అన్నాడు. ఆ రోజు ఎంత పొంగిపోయిందో తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే జాలేసింది. సంచీ లేక ఖాళీగా ఉన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అయితే మీకింకా ఇస్తున్నది నేనొక్కదాన్నేనన్నమాట" అంది. "నేనూ మానేశాను."