మంచు కరిగేదాకా ప్రార్థన

న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో చలికాలం పొద్దున్నే కారు అద్దం మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. హీటర్ పెట్టి, అది కరిగేదాకా ఏడెనిమిది నిమిషాలు లోపల కూర్చోవాల్సిందే. 2014 జూలైలో, ఇక్కడి నడి చలికాలంలో, ఆ నిమిషాల్లోనే నాకు రోజూ ప్రార్థన చేసుకోవడం అలవాటైంది. అంతకుముందు ఇంట్లో మోకరించిన ప్రతిసారీ కూర మాడిందేమోనని లేచిపోయేదాన్ని. కారులో లేచి ఎక్కడికి పోతాను?

అలవాటైందని ఊరుకోక గొప్పలకు పోయాను. ఆదివారం శకుంతల ఆంటీ ఇంట్లో ప్రార్థనకు కూడుకునే పదిమంది తెలుగువాళ్ల ముందు నిలబడి, "ఒక్క రోజు కూడ తప్పలేదు" అని సాక్ష్యం చెప్పాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"నవంబర్ల నా మోకాలి ఆపరేషన్ బిడ్డా. మత్తు సూదంటే నాకు మస్తు భయం. అప్పటిదాక రోజూ నా కోసం ప్రార్థన చెయ్యి."

"చేస్త ఆంటీ," అని మాటిచ్చాను.

సెప్టెంబర్ చివర్లో మంచు పోయింది. అద్దం శుభ్రంగా కనబడేసరికి తాళం తిప్పడం, వృద్ధులుండే రెస్ట్ హోమ్‌లో డ్యూటీకి పరుగెత్తడం, అంతే. ఎన్ని రోజులు అలా గడిచాయో నాకే తెలియదు. అక్టోబర్‌లో ఓ ఆదివారం ఆంటీ అంది: "ప్రణీతా, నువ్వు ప్రార్థన చేస్తున్నవన్న ధైర్యంతోనే నిద్రపోతున్న."

సిగ్గుతో చచ్చిపోయాను.

"లేదు ఆంటీ. అద్దం మీద మంచు పోయినకాంచి మర్చేపోయిన."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె నవ్వేసింది. "నేను గూడ ప్రార్థనల కండ్లు మూసుకొని కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంట. ఏం కాదు, మళ్ల షురూ చెయ్యి."

మర్నాడు తాళం తిప్పకుండా కారులో కూర్చున్నాను. "ప్రభువా, ఆంటీ మోకాలు..." అనగానే ఇంట్లో పాలు అయిపోయాయని గుర్తొచ్చింది. పాలను పక్కనపెట్టి మళ్లీ మోకాలి దగ్గరికి వచ్చాను. అంతలో కిటికీ మీద టకటకా చప్పుడు. పక్కింట్లో ఒంటరిగా ఉండే కోలిన్ అనే న్యూజిలాండ్ పెద్దాయన, చేతిలో జంపర్ కేబుల్స్.

"బ్యాటరీ పోయిందా?"

"లేదు, ప్రార్థన చేసుకుంటున్నాను."

పాపం, ఆయన నాకంటే ఎక్కువ సిగ్గుపడ్డాడు. సారీ చెబుతూ వెనక్కి వెనక్కి నడిచి, తన గులాబీ మొక్క మీదే పడబోయాడు.

ఆ తర్వాత మూడు వారాలు బాగానే సాగింది. తీరా ఆపరేషన్ రోజు నిద్ర లేచేసరికే లేటు. కారెక్కి, తాళం తిప్పి, గబగబా గేటు దాకా వెనక్కి పోనిచ్చాను. కంచె అవతల మొక్కలకు నీళ్లు పడుతున్న కోలిన్ చెయ్యెత్తి ఆపాడు.

"ఈ రోజు కూర్చోలేదేం?"

ఎనిమిదింటికి ఆంటీకి మత్తు సూది. గేటు మధ్యలోనే ఇంజన్ ఆపేశాను. కోలిన్ నీళ్లు కట్టేసి, మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నానో లేదో, లంచ్ బాక్సు వంటింట్లోనే మర్చిపోయానని గుర్తొచ్చింది. ఉండనీ అనుకుని, మళ్లీ ఆంటీ మోకాలి దగ్గరికి వచ్చాను.