ఒడిలో పడ్డ ఇంగ్లీషు

పొద్దున కంపెనీ బస్సు హారన్ కొట్టగానే చంద్రకాంత్ టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని గల్లీ చివరికి పరిగెత్తేవాడు. గడ్డపోతారం మందుల కంపెనీలో ఆపరేటర్ ఆయన. ఆయన అటు వెళ్లగానే నర్సింహమ్మ వాకిలి ఊడ్చి, చాట తెచ్చుకుని కూతురి ముందు కూర్చునేది. నిషిత పుస్తకం తెరిచి గట్టిగా చదివేది. సంగారెడ్డిలో లా రెండో ఏడాది ఆ పిల్ల. చదివిన ఒక్కో ఇంగ్లీషు మాటా నోట్లోంచి గింజై చాటలో పడేది.

అఫిడవిట్ జొన్నగింజంత ఉండేది. ఇంజంక్షన్ కందిగింజంత. కేవియట్ ఆవగింజ, చూసుకోకపోతే చాట సందులోంచి జారిపోయేది. లోకస్ స్టాండై చింతగింజ, పడితే టక్కుమనేది. ఎవరు పలికినా, అర్థం తెలిసి పలికితేనే గింజ. తెలియక పలికితే తాలు. నర్సింహమ్మ నాలుగుసార్లు చెరిగితే ఆ తాలంతా వాకిట్లోకి ఎగిరిపోయేది.

"మల్ల సదువు బిడ్డా. ఎస్టాపెల్ ఇంక తాలే పడుతున్నది" అనేది.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లకు పటాన్‌చెరు మొత్తంలో ఇంతకన్నా మంచి ట్యూషన్ లేదు. గింజలు పక్క పోర్షన్ పోశమ్మ కోళ్లకు వెళ్లేవి. బదులుగా వారానికోసారి గుడ్లు వచ్చేవి. సెక్షన్లు ఎక్కువున్న వారం గుడ్లు పెద్దగా వస్తున్నాయనీ, పరీక్షలైపోతే తన కోళ్ల గతేంటనీ పోశమ్మ పరేషాన్ అయ్యేది.

అలాంటి ఒక పొద్దున నర్సింహులు ఫోన్ చేశాడు. నర్సింహమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, లక్డారంలో ఉంటాడు. అక్కకు ఒడిబియ్యం పోస్తానని, వచ్చే బుధవారం రమ్మని చెప్పాడు.

నర్సింహమ్మ మొహం వెలిగిపోయింది. నిషిత మొహం ముడుచుకుంది. ఒడిబియ్యం అంటే ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, ముత్తయిదువల చేత ఒడి నిండా పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోయించడం. మూడేళ్లకో ఐదేళ్లకో జరిగే ముచ్చట. నర్సింహులు పోయినేడే పోశాడు. అప్పుడు కూడా పోయించింది పలచటి నూలు చీర మీదే. ఇప్పుడు పట్టుచీర కొన్నానంటున్నాడు. ఒక గోదాముల కంపెనీవాళ్లు లక్డారం పొలాల్లో టేపు పట్టుకుని తిరగడం మొదలైన దగ్గరి నుంచీ ఆయనకు అక్క మీద ప్రేమ ఇలా పొంగుతోంది. వాళ్ల నాయిన విడిచిపోయిన మూడెకరాలు అక్కడే ఉన్నాయి.

ఫోన్ నిషితకు ఇమ్మన్నాడు.

"ఏం కోడలు పిల్లా, ఆస్తుల చట్టం గిట్ల సదివినవా, ఇంక ఉన్నదా?"

"వచ్చే సెమిస్టర్ మామా" అంది నిషిత. ఆ పేపరు ఆమె పోయిన సెమిస్టర్లోనే రాసేసింది.

"మంచిది, మంచిది. నిమ్మలంగ సదువుకో. తొందరేమున్నది" అన్నాడు మామ. ఆ నిమ్మళం నిషితకు అసలు నచ్చలేదు.

ఆ వారమంతా తల్లీకూతుళ్ల మధ్య ఇదే గొడవ. సంతకం అడుగుతాడని నిషిత అంది. అడిగితే ఏమైతది, మనకున్నదేందని నర్సింహమ్మ అంది. ఆడపిల్లకు సమాన వాటా ఉందని చట్టం చెబుతోందని నిషిత పుస్తకం తెచ్చి చూపించింది. నర్సింహమ్మ పుస్తకం వంక చూడలేదు.

"పుస్తకం ఎవరన్న రాస్తరు. నా పెండ్లితోనే నా లెక్క సాఫ్ అయిపోయిందని తమ్ముడు పది మందిల చెప్పిండు. నీకున్నది అక్కా అని ఆడు ఎన్నడన్న అన్నడా? ఆడు అననిది నేనెట్ల అడుగుదు?"

అడిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆడవాళ్లకు పుట్టిల్లు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నోరు తెరవనంత కాలం. అదే గల్లీలో ఒకామె వాటా అడిగింది. తల్లి చచ్చిపోతే శవం లేచాక తెలిసింది ఆమెకు. నర్సింహమ్మ భయమంతా అదే. భూమి పోతుందని కాదు, బతుకమ్మకు పిలిచే ఇల్లు పోతుందని.

బుధవారం చంద్రకాంత్‌కు సెలవు దొరకలేదు. తల్లీకూతుళ్లే బయలుదేరారు. ఆటోలో నర్సింహమ్మ కూతురి చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది.

"నా మీద ఒట్టు. ఆడ నువ్వు నోరు తెర్వొద్దు. నేను ఏమన్న అడిగితేనే చెప్పు."

తెల్లారి లేచి లా చదివే పిల్లకు ఇంతకన్నా గట్టి ఇంజంక్షన్ ఏ కోర్టూ ఇవ్వలేదు. నిషిత ఒప్పుకుంది.

లక్డారం ఇంట్లో ఇంద్రజ అత్త గేటు దాకా ఎదురొచ్చింది. రాగానే కాళ్లకు నీళ్లిచ్చింది, చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని రెండుసార్లు అడిగింది. పోయినేడు చాయ్ చల్లారాక గానీ వీళ్లు గుర్తురాని మనిషి. ముత్తయిదువలు ఐదుగురూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. బయట కిరాయి కారు తయారుగా ఉంది. వరండాలో ఒకాయన నల్ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని పాయసం తాగుతున్నాడు. సంగారెడ్డిలో తహసీల్ ఆఫీసు ముందు చెట్టు కింద టేబుల్ వేసుకుని దస్తావేజులు రాసే త్రినాథరావు. కాలేజీకి వెళ్తూ వస్తూ నిషిత ఆయన్ను చూస్తూనే ఉంటుంది. ఒడిబియ్యానికి దస్తావేజులాయనతో ఏం పనో అడగాలని ఆమె నాలుక దురద పెట్టింది. ఒట్టు గుర్తొచ్చి పళ్లు బిగించింది.

నర్సింహులు తనే చెప్పాడు, అక్క పక్కన పీట వేసుకుని, గొంతులో తేనె పోసుకుని. చిన్న సంతకమేననీ, కాగితాల్లో చిక్కులు సాఫ్ చేయడానికేననీ, పదకొండున్నరకు రిజిస్ట్రేషన్ స్లాట్ ఉందనీ, పోయి గంటలో వచ్చేద్దామనీ అన్నాడు. నర్సింహమ్మ తల ఊపింది. నిషిత గోడ వైపు తిరిగింది.

త్రినాథరావు జాగ్రత్త గల మనిషి. ఇంట్లో లా చదివే పిల్ల ఉందని విని, నర్సింహులుకు ముందే ఒక సలహా ఇచ్చాడు. దస్తావేజును నలుగురు ఆడవాళ్ల ముందు పైకి చదివి వినిపిస్తే, రేపు బలవంతం చేశారనీ మోసం చేశారనీ ఎవరూ కోర్టుకెక్కలేరు. చదివేది ఇంగ్లీషే కాబట్టి ఆడవాళ్లకు అర్థమయ్యేదీ లేదు, పిల్ల ఆస్తుల చట్టం ఇంకా చదవనూ లేదు. అయితే తయారయ్యేసరికి పదిన్నర దాటింది. స్లాట్ పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో. అందుకని నర్సింహులు రెండు పనులూ ఒక్కసారే కానిచ్చేయమన్నాడు. ఒకవైపు బియ్యం పోయడం, ఒకవైపు చదవడం. అక్కకు మంచిగా వినపడాలె, జెర దగ్గరికి జరుగుండ్రి సార్ అని త్రినాథరావును తీసుకొచ్చి ఆమె ముందే నిలబెట్టాడు.

నర్సింహమ్మ కొత్త చీరలో తూర్పు మొహంగా కూర్చుని ఒడి పట్టింది. ఇంద్రజ మొదటి దోసిలి పోసింది. త్రినాథరావు కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టాడు.

"దిస్ డీడ్ ఆఫ్ రిలింక్విష్‌మెంట్..."

తాలు పడాలని నిషిత మనసులో మొక్కుకుంది. పడలేదు. ముప్పై ఏళ్లుగా ఆడబిడ్డల చేత వాటా వదులుకునే విడుదల పత్రాలు రాయిస్తున్న చెయ్యి ఆయనది, అర్థం తెలియని మాట ఒక్కటీ లేదు. రిలింక్విష్‌మెంట్ బఠానీ అంత గింజై, అప్పుడే పోసిన పసుపు బియ్యం మీద పడింది. ముత్తయిదువలు వంతులవారీగా లేచి పోస్తున్నారు. బియ్యంతో పాటు ఇంగ్లీషు కూడా ఒళ్లోకి రాలుతోంది.

"వేరాజ్ ద రిలీజర్ ఈజ్ ద లాఫుల్ ఓనర్ ఆఫ్ అన్‌డివైడెడ్ హాఫ్ షేర్, రైట్, టైటిల్ అండ్ ఇంటరెస్ట్..."

షేర్ పెద్ద శనగగింజలా పడింది. రైట్ దాని పక్కనే. టైటిల్ ఒక కుడుకలోకి దొర్లి అక్కడే కూర్చుంది. అన్నీ నిండు గింజలు, ఒక్కటి పుచ్చు లేదు. పొద్దున్నే చాటతో అలవాటు పడిన నర్సింహమ్మ చూపు వాటి మీద ఆగింది.

"గివి ఏం మాటలు బిడ్డా?" అంది.

అమ్మ అడిగింది. ఒట్టు తప్పినట్టు కాదు. నిషిత నోరు తెరిచింది.

"లక్డారం భూమిల సగం నీదేనంట అమ్మా. హక్కు, పట్టా అన్నీ నీకున్నయని సారు చదువుతున్నడు."

బియ్యం పోస్తున్న చేతులు ఆగాయి. నర్సింహమ్మ తమ్ముడి వైపు తిరిగింది.

"గట్లనే రాయించినవా తమ్మి?"

నర్సింహులు గడియారం చూసుకుంటున్నాడు. తొందరలో మనిషికి అబద్ధం చప్పున దొరకదు. "రాయాలె గద అక్కా. నీకున్నదని రాస్తేనే గద నువ్వు ఇడిసినవని రాయొచ్చేది. ఇంక ఉన్నది, ఇను. సార్, జల్దీ సదువుండ్రి."

ఐదుగురు ముత్తయిదువలూ ఆ మాట విన్నారు. ఇంద్రజ కూడా విన్నది.

త్రినాథరావు పేజీ తిప్పేలోపు నర్సింహమ్మ కొంగు రెండు చివరలూ దగ్గరికి లాగి గట్టిగా ముడి వేసింది. లేచి నిలబడింది. "నౌ దిస్ డీడ్ విట్‌నెసెత్" అని ఆయన అలవాటుగా చదువుకుంటూ పోయాడు. వదులుకోవడం, త్యజించడం, ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, అన్నీ టపటపా చాప మీద పడి తలుపు సందుల్లోకి దొర్లిపోయాయి.

"అక్కా, ముడి ఇప్పు. సగమే అయింది" అన్నాడు నర్సింహులు. "గా ఇంగ్లీషు గింజలు ఏరి పక్కకు పెట్టు, బియ్యం తీస్కపో."

అడ్డొచ్చింది ఇంద్రజ. ఆడబిడ్డ మీద ప్రేమతో మాత్రం కాదు. "నీకేమన్న పిస లేసిందా? ఒడిల పోసింది మల్ల తీస్తరా? తీస్తే నా ఇంట్ల గింజ నిలుస్తదా?" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. ముత్తయిదువలు అవునవునని గొణిగారు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఆడవాళ్ల నోరు మూయించిన ఆచారాలన్నిట్లో ఈ ఒక్కటీ ఎలాగో వాళ్ల పక్షాన మిగిలింది.

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. నర్సింహులు తేనె ఇంకిపోయిన గొంతుతో అడిగాడు, సంతకం పెడతావా పెట్టవా అని.

"ఒడి నింపింది నువ్వే తమ్మి. సంతకం పెడ్తే ఒడిబియ్యం వాపస్ ఇచ్చినట్టయితది. గంత అపశకునం పని నేను చెయ్య."

"గట్లయితే ఇగ మీది మీకు, మాది మాకు."

"గా సార్ సదివింది గదే గద" అంది నర్సింహమ్మ.

ఆటో దాకా సాగనంపడానికి ఎవరూ రాలేదు. దారి పొడుగునా ఆమె ఒడిని రెండు చేతులతో పట్టుకుని, కొంగు తడిసేలా ఏడ్చింది. నిషిత పక్కన కూర్చుని తనను తనే అనుమానించుకుంది. అమ్మ కోసమేనా తనకింత సంబరం, లేక ఒక కేసు గెలిచినట్టా? జవాబు తేలకుండానే పటాన్‌చెరు వచ్చేసింది.

ఒడిబియ్యం ఇంటికి తెచ్చాక వండి ఇరుగుపొరుగుకు పెట్టాలి. నర్సింహమ్మ చాటలో పోసి గింజలు వేరు చేయబోయింది. పసుపు పట్టి అన్నీ ఒక్క రంగులో ఉన్నాయి. చెరిగితే ఒక్కటీ ఎగరలేదు. అలాగే ఎసట్లో పోసింది.

పోశమ్మ తిని, అన్నం మంచిగున్నదని చెప్పి, చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి నిషిత పక్కకు జరిగింది. తన తమ్ముడికి ఫోన్ కలిపి ఇమ్మని అడిగింది. ఊళ్లో నాయిన ఇంటి జాగా ఉందట, ఒక్క మాట మాట్లాడేదుందట.

చీకటి పడే వేళకు చంద్రకాంత్ డ్యూటీ దిగి వచ్చాడు. జరిగిందంతా విని, బామ్మర్దిని నాలుగు మాటలు తిట్టాడు. నర్సింహులు ఇంత మోసగాడని తనకు ముందే తెలుసన్నాడు. కంచం ముందుకు లాక్కుని ఆ పసుపు అన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదో ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

సొంతూళ్లో ఆయనకు తండ్రి విడిచిన ఎకరన్నర ఉంది. కౌలుకిచ్చాడు. సదాశివపేటలో ఒక చెల్లెలూ ఉంది.

"బిడ్డా" అన్నాడు మెల్లగా, "గట్లయితే మా సోమమ్మకు గూడ సగం వస్తది గద?"

నిషిత తల్లి వైపు చూసింది. నర్సింహమ్మ చేతిలో గంటె గాలిలో ఆగిపోయింది. ఎకరన్నరలో సగం. మొగుడి మొహాన్ని ఆమె చాలాసేపు, పొద్దున తమ్ముడి మొహాన్ని చూసినట్టే, ఎగాదిగా చూసింది. తర్వాత వంగి, గిన్నె అడుగు దాకా గంటె పోనిచ్చి, నిండుగా తీసి అతని కంచంలో వేసింది.

"ఇంగింత తిను" అంది.