పైది పైకి, కిందది కిందికి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఏడో తరగతి పిల్లలందరికీ తెలుసు. లెక్కల టీచర్‌కి ఆ మాత్రం లేకపోతే నెత్తినెక్కి కూర్చుంటారని నా నమ్మకం. అయితే కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల క్లాసులో నోరు విప్పకపోవడానికి ఆ కోపమే కారణమేమోనని ఈమధ్య గుబులుగా ఉంది.

తోటి పిల్లలు ఆమెను ‘మూగనోము’ అంటారు. ఇంట్లో మాత్రం వసపిట్టేనట. లెక్కలు బుర్రకెక్కడం లేదు, మళ్లీ ఆరో తరగతిలో కూర్చోబెడతానని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. పరీక్షల దాకా ఆగమని బతిమాలాను. ఆ పిల్లకి తెలివి లేక కాదు, తెలియనిది అడగక వచ్చిన చిక్కు.

ఇవాళ అరనీ మూడోవంతునీ కూడమని బోర్డు మీద రాస్తే, తనంతట తనే లేచి వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. పైవాటిని పైకి, కిందవాటిని కిందికి కూడి, రెండు బై ఐదు అని రాసింది. క్లాసంతా గొల్లున నవ్వింది. గొంతు చించుకుని చెప్పిన పాఠం బూడిదలో పోసిన పన్నీరయింది. కోపం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్లకి బోర్డు దాకా వచ్చిన పిల్ల కదా అని మింగేశాను.

“ఇలా ఎందుకు కూడావమ్మా?”

“మీరూ ఇలాగే కూడతారుగా టీచర్,” అంది నేల చూపులు చూస్తూ. “రెండు మార్కుల ప్రశ్నకి ఒకటి, మూడు మార్కుల ప్రశ్నకి ఒకటి వేసి, ఐదుకి రెండు అని రాస్తారు.”

నవ్వులు ఆగిపోయాయి. నిజమే, అలాగే రాస్తాను. మరి ఇక్కడ అది ఎందుకు తప్పో ఎలా చెప్పాలో నాకు వెంటనే తట్టలేదు, ఆ మాటే పైకి అనేశాను. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు.

ఒకే కొలతలో కాగితపు పట్టీలు కత్తిరించి ఆ పిల్లకిచ్చాను. ఒకదానిలో సగం, ఇంకోదానిలో మూడోవంతు మడిచి పక్కపక్కన పెట్టింది. మూడోదాన్ని ఐదు సమాన మడతలు వేసి, రెండు మడతలు వాటి కింద ఆనించి చూసింది.

“కలిపితే పెరగాలి కదా టీచర్. ఇది ఉన్న సగం కన్నా తగ్గింది.” పట్టీల కొసలు మళ్లీ సరిచూసి, “మార్కుల్లో ఒక ప్రశ్న చిన్నది, ఒకటి పెద్దది. రెండూ వేరు. ఇక్కడ పట్టీలన్నీ ఒకటే కొలత,” అంది.

నాకు తట్టనిది దానికి తట్టింది. కళ్లు చెమర్చాయి, బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను.

సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మ నన్ను చూసి కంగారుపడింది. మళ్లీ ఏం చేసిందని అడిగింది.

“మీ అమ్మాయి ఇవాళ అందరి ముందూ నా నోరు మూయించింది.”

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని, క్షమించమని నన్ను అడగబోయింది.

“దాన్ని ఆరుకి పంపకండమ్మా,” అన్నాను. “రేపు కూడా నాకు అది క్లాసులో కావాలి.”