ఈరక్క కొడుకు

ఆ ప్రశ్న అడిగింది నేనే. డాక్టరు అడగలేదు, పోలీసు అడగలేదు. నా నోటితో నేనే అడిగాను కాబట్టి ఇంకెవరి మీదా నెపం వేయడానికి వీల్లేదు.

అప్పటికి నేను కర్నూలులో ఒక మిషన్ దవాఖానాలో పదేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. పేరు విశ్వాసమ్మ. నాకు నోరెక్కువని దవాఖానా అంతా చెప్పుకునేవారు, అందులో అబద్ధమేమీ లేదు. 1936 ఎండాకాలంలో మద్రాసు నుంచి మహానందయ్య గారనే డాక్టరు వచ్చారు. ఆయన పుట్టిన ఊరు నంద్యాల దగ్గరే. పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాళ్లు, ముసలితనంలో మతి పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లో ఎంతమంది ఉన్నారు, ఎలా బతుకుతున్నారు, ఇవన్నీ తిరిగి చూసి పుస్తకం రాయాలని ఆయన పట్టుదల. "వీళ్ల గురించి మన వైపు ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు విశ్వాసమ్మా" అని వాపోయేవారు. ఆడవాళ్లతో మాట్లాడటానికి ఒక మనిషి తోడు కావాలంటే మా దవాఖానా నడిపే దొరసాని నన్ను పంపింది.

మంచి మనిషే. ఆ మాట ముందే చెప్పాలి. పిచ్చివాడని పిల్లలంతా రాళ్లు విసిరే మనిషి పక్కన కూడా మట్టిలో చతికిలబడి అరగంటసేపు మాట్లాడించేవారు. కానీ ఆయనకు కాగితం మీద పడిన మాటే మాట. కాగితం మీద పడనిది లేనట్టే.

పత్తికొండ తాలూకాలో ఒక ఊళ్లో తిప్పన్నను చూశాం. పంతొమ్మిదేళ్లవాడు. హులిగెమ్మ అనే ఆమె ఇంటి ముందు కూర్చుని గులకరాళ్లు పేరుస్తున్నాడు. నల్లవి ఒక వరస, తెల్లవి ఒక వరస. పిలిస్తే పలకడు, మనిషి మొహం చూడడు, పుట్టి ఒక్క మాట మాట్లాడలేదట. వరసలో ఒక్క రాయి కదిలితే మాత్రం చెయ్యి కొరుక్కుని అరుస్తాడు. "ఇది మామూలు బుద్ధిమాంద్యం కాదు. ఇలాంటివాళ్లకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు" అన్నారు డాక్టరు గారు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

పక్క గుడిసెలో ఈరక్కవ్వ ఉంది. డెబ్భై దాటింది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. రోజూ తెల్లారగానే తిప్పన్నే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వంక ఒడ్డు దాకా తీసుకుపోతాడట, మళ్లీ తెచ్చి గడప దగ్గర కూర్చోబెడతాడట. ఎవరూ నేర్పలేదట. పుట్టుకతో వచ్చిన జబ్బు, ముసలితనంలో వచ్చిన జబ్బు పక్కపక్కనే దొరికినందుకు డాక్టరు గారి ఆనందం ఇంతా అంతా కాదు.

హులిగెమ్మ తిప్పన్న నోట్లో జొన్నసంగటి ముద్ద పెడుతోంది. నేను పెన్సిలు తీసి అడిగాను.

"ఈ పిల్లోడు నీ కొడుకేనా?"

ముద్ద పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. "కాదమ్మా. నా కొడుకు కాదు. ఈరక్కవ్వ కొడుకు."

"మరి కూడు నువ్వు పెడ్తాండావే?"

"పక్కింటోళ్లం కదమ్మా" అంది తల వంచుకుని.

ఈరక్కవ్వను అడిగితే, "నాకు బిడ్డలు యాడుండారమ్మా, నేను గొడ్డుదాన్ని" అని బోసినోటితో నవ్వింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లను అడిగాను. అందరిదీ ఒకటే మాట, వాడు ఈరక్క కొడుకే. పాపం ముసలిదానికి కన్న సంగతే గుర్తులేదు కాబోలు అనుకున్నాం. యాభై దాటినది ఎలా కన్నదబ్బా అని వేళ్ల మీద లెక్క చూసుకునే బుద్ధి నాకూ లేకపోయింది, అంత చదివిన ఆయనకూ లేకపోయింది. హులిగెమ్మ ముక్కూ వాడి ముక్కూ ఒకటేనని నేను చూశాను. చూసి ఊరుకున్నాను. డాక్టరు గారు రాసుకున్నారు: తండ్రి లేడు, తల్లికి మతి లేదు, చూసుకోవడానికి అయినవాళ్లు ఎవరూ లేరు.

నెల తర్వాత ఆయనే సంతోషంగా వచ్చి చెప్పారు. తాలూకా మేజిస్ట్రేటుకు రాశారట. దిక్కులేనివాడు కాబట్టి మద్రాసులో పిచ్చాసుపత్రికి పంపమని ఉత్తర్వు వచ్చిందట. "వేళకు తిండి, మందు. నేనూ రోజూ చూసి రాసుకోవచ్చు" అన్నారు. నాకూ మంచిదే అనిపించింది. అందుకే పోలీసు బండి వెనక మేమూ వెళ్లాం.

మిట్టమధ్యాహ్నం. పోలీసు తిప్పన్న రెక్క పట్టుకుని లేపాడు. అతని బూటు కింద రాళ్ల వరస చెదిరిపోయింది. నేను పదేళ్లు పురిటిగదిలో పనిచేసినదాన్ని, అరుపులు నాకు కొత్త కాదు. అలాంటి అరుపు మాత్రం ఎప్పుడూ వినలేదు.

హులిగెమ్మ పొలం నుంచి పరిగెత్తుకొచ్చింది. "యాడికి తీసకపోతాండారు సామీ?"

"మద్రాసుకు. దిక్కులేనోడని రాసినారు. నీకేమవుతాడు?"

"ఏమీ కాడు" అంది. "ఈరక్కవ్వ కొడుకు. అవ్వ ఈడనే ఉండాది కదా, దిక్కులేదని ఎట్ల రాస్తిరి?"

అంటూనే గుడిసెలోకి పోయి ఈరక్కవ్వ భుజాలు పట్టుకుని కుదిపింది. "చెప్పవ్వా! నీ కొడుకేనని చెప్పు. ఒక్క మాట! నువ్వే కదా కొనుక్కునింది, చెప్పవ్వా!"

ముసలామె ఆమెను తేరిపార చూసింది. "ఎవురమ్మా నువ్వు? శానా ఏడుస్తాండావే" అంది జాలిగా.

కొనుక్కోవడం అన్న మాట నాకు చురుక్కుమంది. పక్కింటి భీమక్కను రెక్క పట్టుకుని గోడ వారకు లాగాను. "కొనడమేంది? నిజం చెప్పకపోతే నేను ఊరుకోను."

భీమక్క గొంతు బాగా తగ్గించింది. "హులిగెమ్మకు ముందర నలుగురు బిడ్డలు పురిట్లోనే పోయిరి నర్సమ్మా. ఈడు పుట్టిన మూడోదినం తీసకపోయి పెంటతిప్ప మీద పండబెట్టిరి. ఈరక్కవ్వ ఎత్తుకునింది. చేటెడు తవుడిచ్చి కొనుక్కునింది. గొడ్డుదాని ఇంటికి బిడ్డల కోసరం సావు రాదు కదా. ఆ దినం నుంచి ఈడు ఆమె కొడుకే. కన్నది పాలియ్యొచ్చు, కూడు పెట్టొచ్చు. నా కొడుకు అని మాత్రం నోటితో అనగూడదు. అన్న దినం ఈడు దక్కడు."

"ఇన్నేండ్లూ అనలేదా?"

"యాడంటాది? మొగుడు కలరాతో పోయిన దినం గూడా అనలే."

మా తాత పేరు తిప్పయ్య. బాప్తిస్మం పుచ్చుకున్నాక దావీదయ్య అయ్యాడు. ఆ మొదటి పేరు ఏ పెంటతిప్ప మీద నుంచి వచ్చిందో తెలిసిన ఇంట్లోనే నేను పుట్టాను. తిప్పన్న అని నా చేత్తో నేనే రాసుకుని, ఆ తల్లిని పట్టుకుని నీ కొడుకేనా అని అడిగాను. అడగకూడని మాట అడిగి, ఆమె చెప్పక తప్పని జవాబు చెబితే దాన్ని కాగితంలో పెట్టించాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

వెళ్లి డాక్టరు గారికి చెప్పాను. ఆయన మొహం ముందు పాలిపోయింది, అంతలోనే తేటపడింది. "అయితే తల్లి ఉందన్నమాట! ఇంకేం, ఉత్తర్వు చెల్లదు."

పోలీసు ఒప్పుకోలేదు. "ఊళ్లోవాళ్లు ఎన్నైనా చెప్తారు సార్. రేపు దొర అడిగితే నా ఉద్యోగం పోతాది. ఆమె తన నోటితో చెప్పాల, మీరు రాయాల, ఏలిముద్ర పడాల."

హులిగెమ్మ నా కాళ్ల మీద పడింది. "ఏలిముద్ర యేస్తానమ్మా, ఎన్నంటే అన్ని యేస్తా. నోటితో మాత్రం అనిపించొద్దు."

"అట్లాంటివన్నీ ఉత్త నమ్మకాలు హులిగెమ్మా. దేవుడు అట్ల చంపడు" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "నీకు నలుగురు పోయినారా అమ్మా?"

జీవితంలో నా నోరు మూయించిన మనిషి ఆమె ఒక్కతే.

తిప్పన్నను బండి చట్టానికి కట్టేశారు. వాడు మణికట్టు కొరుక్కుంటున్నాడు, మోచేతి దాకా నెత్తురు కారుతోంది. పోలీసు సైగ చేశాడు, బండివాడు ఎడ్లను అదిలించాడు. చక్రం ఒక చుట్టు తిరిగింది.

"నా కొడుకు!"

ఆ గొంతు హులిగెమ్మదని ముందు నాకు తెలియలేదు. "నా కొడుకు సామీ. నేనే కన్నా. ఇడిసిపెట్టండి."

డాక్టరు గారు రాశారు. వేలిముద్ర పడింది. కట్లు విప్పారు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. తిప్పన్న దిగి, నెత్తురు కారుతున్న చేత్తోనే చెదిరిన రాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు. గండం గడిచిందని నేను కళ్లు తుడుచుకుని నవ్వాను కూడా.

హులిగెమ్మ నడివీధిలో కూలబడింది. కొప్పు ఊడదీసుకుంది. గుండెలు బాదుకుంటూ ఏడుపు ఎత్తుకుంది. అది మామూలు ఏడుపు కాదు. శవాన్ని ముందు పెట్టుకుని ఏడ్చే రాగం. ఒక్కో ఇంట్లో నుంచి ఆడవాళ్లు బయటికి వచ్చారు. బతికే ఉన్నాడు కదే పిచ్చిదానా అని ఒక్కరైనా అంటారని ఎదురు చూశాను. ఎవరూ అనలేదు. భీమక్క వచ్చి పక్కన కూర్చుని ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది, తానూ రాగం అందుకుంది. తర్వాత ఇంకొకామె కూర్చుంది. ఇంకొకామె.

డాక్టరు గారు పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఇదేమిటి విశ్వాసమ్మా? వాడు ఇక్కడే ఉన్నాడే! చెప్పు ఆమెకు, చూడమను!" అన్నారు.

నేనూ వెళ్లి ఆ ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. వాడు మాకు నాలుగు బారల దూరంలో ఉన్నాడు. ఆమె వాడి వైపు చేతులు చాచి, "నా కొడకా, నా కన్న కొడకా, నా బంగారు కొడకా" అని పిలుస్తోంది. పంతొమ్మిదేళ్లు నోట్లోనే అణచుకున్న మాట. ఇక దాచి లాభం లేదనుకుంది కాబోలు, ఊపిరి తిప్పుకోకుండా అంటూనే ఉంది. ఒక తల్లి కన్న కొడుకును కొడకా అని మొట్టమొదటిసారి పిలవడం నేను ఆ రాగంలో విన్నాను.